ఉన్నట్టుండి ఆగే మోటారు

జంషెడ్‌పూర్‌లోని సాక్చి నుంచి డిమ్నా చెరువు దాకా చక్కగా లాగిన ఎలక్ట్రిక్ సైకిల్, దల్మా కొండ వైపు ఎత్తు మొదలవగానే చప్పున ఆగిపోతుంది. కాసేపాగి తొక్కితే మళ్లీ నడుస్తుంది. మెకానిక్కుకు చూపిస్తే ఏ లోపమూ దొరకదు. ఇలాంటప్పుడు చాలామంది మోటారునే అనుమానిస్తారు. నా ఉద్దేశంలో దాన్ని అన్నిటికంటే ఆఖరున అనుమానించాలి.

పెడళ్ల ఇరుసు దగ్గర బిగించే ఈ మిడ్‌డ్రైవ్ మోటారును నడిపేది కంట్రోలర్. పెడల్ మీద ఎంత బలం పడుతోందో, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో, బ్రేకు పట్టారో లేదో సెన్సర్లు దానికి చెబుతూ ఉండాలి. ఆ సమాచారం తెగితే అది మోటారును ఆపేయవచ్చు. అందుకే సైకిల్ ఎలాంటప్పుడు ఆగిందో ముందు గమనించాలి.

ఎత్తు ఎక్కేటప్పుడే ఆగితే బ్యాటరీ చూడండి. 36 వోల్టుల బ్యాటరీలో మామూలుగా 10 వరసల సెల్స్ ఉంటాయి. నిండా ఛార్జి చేస్తే 42 వోల్టులు. లోడు పెరిగేకొద్దీ వోల్టేజి పడుతుంది. ఒక్క వరస నీరసించినా చాలు, అది మిగతావాటికంటే ముందే హద్దు దిగిపోతుంది, రక్షణ సర్క్యూట్ మొత్తం బ్యాటరీని కట్టేస్తుంది. లోడు తీయగానే వోల్టేజి కోలుకుంటుంది. అందుకే సైకిల్ నిలబెట్టి మల్టీమీటరు పెడితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. బ్యాటరీ పిన్నులకు చిలుము పట్టినా ఇదే తంతు. అక్కడ 0.1 ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. 15 ఆంపియర్లు లాగితే 1.5 వోల్టులు అక్కడే పోతాయి, 22 వాట్లకు పైగా వేడి ఆ చిన్న పిన్ను దగ్గరే పుడుతుంది. నల్లబడిన పిన్ను, దాని చుట్టూ కరిగి వంగిన ప్లాస్టిక్ కంటికే కనిపిస్తాయి.

గతుకుల్లో ఆగితే వైర్లు, కనెక్టర్ల వంతు. వెనక చక్రం పైకి లేపి, మోటారు తిరుగుతుండగా, చైనుకు చేయి తగలకుండా వైర్లను ఒక్కొక్కటే కదిపి చూడాలి.

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ ఉన్న ఊరిది. వానాకాలం తేమ కనెక్టర్లలో నిలిచిపోతుంది. తుప్పు పట్టిన బ్రేక్ లివర్ పూర్తిగా వెనక్కి రాకపోతే, బ్రేకు పట్టారనుకుని కంట్రోలర్ మోటారును ఆపేస్తుంది.

డిస్‌ప్లేలో వేగం సున్నాకు పడిపోతుంటే స్పోకుకు బిగించిన అయస్కాంతం జారి ఉంటుంది. దానికీ సెన్సరుకూ మధ్య చాలా మోడళ్లలో సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. బఫాంగ్ మోటార్లలో ఈ లోపానికి 21 అనే అంకె కనిపిస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగితే మాత్రం కంగారు వద్దు. మన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ అక్కర్లేని సైకిళ్లకు అదే హద్దు.

1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావంతో పనిచేసే మూడు సెన్సర్లు చాలా మోటార్లలో ఉంటాయి. వాటిలో ఒకటి మొరాయిస్తే, సైకిల్ కదిలేటప్పుడే మోటారు గరగరమంటూ కుదుపుతుంది. మోటారు విప్పే మాట ఇక్కడికి వచ్చాకే. వారంటీ ఉంటే స్క్రూ ముట్టుకోకుండా, ఎప్పుడెప్పుడు ఆగిందో రాసిన కాగితంతో సహా సర్వీస్ సెంటరుకు ఇవ్వండి.