పిల్లల ఉబ్బసము - ఇన్‌హేలరు వాడు విధము

చెరకు గానుగ లాడు దినములలో పాకాల పరిసర గ్రామములందు బెల్లపు పొయ్యిల పొగ తెల్లవారుజాము మంచులో కలిసి నేలబారుగా నిలిచియుండును. ఉబ్బసపు పిల్లలకు అది గడ్డుకాలము. మేము ఈ పల్లెలకు పోయినపుడు తల్లులనుండి తరచుగా వినిన మాట యొకటి కలదు: "డాక్టరుగారు చెప్పినట్లే ఇన్‌హేలరు కొట్టినాము, గుణము కనబడలేదు." ఎట్లు ఇచ్చినారో చూపుమని యడుగగా, ఒక తల్లి బిడ్డ నోరు తెరిపించి, నాలుకమీద మందు చిమ్మి, వెంటనే నోరు మూయించినది. మందులో లోపమేమియు లేదు. అది ఊపిరితిత్తులకు చేరనేలేదు.

ఉబ్బసములో ఊపిరి గొట్టములు లోపల వాచి, చుట్టునున్న కండరములు బిగిసి, దారి ఇరుకగును. పిల్లికూతలు అందువలననే వినవచ్చును. మందు ఆ గొట్టములకే సూటిగా చేరినచో స్వల్పమాత్రము చాలును. సాల్బుటమాల్ మాత్రలో 2 లేక 4 మిల్లీగ్రాముల మందుండగా, ఇన్‌హేలరు ఒక్క చిమ్ములో నుండునది 0.1 మిల్లీగ్రాము మాత్రమే. ఇది ఘాటైన మందనియు, అలవాటుపడి మానలేమనియు భయపడుట అపోహ. 1956లో అమెరికాలో వెలువడిన ఈ సాధనము, ఉబ్బసముతో బాధపడుచుండిన 13 ఏండ్ల బాలిక తన తండ్రి నడిగిన ప్రశ్ననుండి పుట్టినదని చెప్పుదురు. జుట్టుకు చిమ్ముకొను ద్రవమువలె తన మందు ఏల రాకూడదని ఆమె యడిగినదట!

చిమ్మునపుడే ఊపిరి లోనికి పీల్చుట పెద్దలకే కష్టము. కనుక పిల్లలకు స్పేసరు అను గొట్టము తప్పక ఉండవలెను. ఇంచుమించు నాలుగేండ్లలోపు బిడ్డకు ముక్కు, నోరు కప్పు మాస్కు కూడ కావలెను. ఇన్‌హేలరును బాగుగ కుదిపి, స్పేసరుకు తగిలించి, బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టి, మాస్కు సందులేకుండ ఆనించి ఒక్కసారి నొక్కవలెను. బిడ్డ అయిదారు మారులు మామూలుగా గాలి పీల్చి విడువవలెను. రెండవ చిమ్ము కావలసినచో అరనిమిషమాగి, మరల కుదిపి ఇయ్యవలెను; రెండును ఒకేసారి నొక్కరాదు. ఏడ్చుచున్న బిడ్డకు మందు అందునది బహు తక్కువ.

స్పేసరు కొన శక్తిలేనివారు నిరాశ చెందనక్కరలేదు. 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలరు మూతి సరిగా పట్టు రంధ్రము చేసి, సందులు మూసి వాడగా, కొన్న స్పేసరుతో సమానముగా పనిచేసినదని దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు 1999లో ప్రకటించిరి. డాక్టరుకు చూపిన పిదపనే దానిని వాడవలెను. స్పేసరును సబ్బునీట కడిగి, గుడ్డతో తుడువక, గాలికి ఆరనియ్యవలెను.

ఆయాసము వచ్చినపుడు ఉపశమనమిచ్చు మందు వేరు. వాపు తగ్గించి, రాకుండ కాపాడు స్టెరాయిడు మందు వేరు. రెండవదానిని బిడ్డ ఆడుచు పాడుచున్న దినములలోను మానరాదు. వాడిన పిదప నోరు పుక్కిలింపవలెను. మృగశిరనాడు చేపమందుకై హైదరాబాదు పోవువారు కలరు. నమ్మకము వారివారిది, ఇన్‌హేలరును మాత్రము ఇంట విడిచి పోరాదు. నీటిలో తేలినదా, మునిగినదా యని డబ్బాను పరీక్షించుట నమ్మదగినది కాదు. చిమ్ముల లెక్క వ్రాసికొనుటయే మేలు.

ఉపశమనపు మందిచ్చినను డొక్కలెగురుచున్నచో, మాట పూర్తిచేయలేకున్నచో, పెదవులు నీలమైనచో 108కు ఫోను చేసి, వాహనము వచ్చువరకు డాక్టరు వ్రాసియిచ్చిన లెక్కప్రకారము స్పేసరుతో మందు ఇచ్చుచునే యుండవలెను.