మత్తు యంత్రంలో వాయువు మారితే...

ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న ప్రతి కుటుంబం మనసులో ఒకటే ప్రశ్న ఉంటుంది: "మత్తు సరిగ్గా ఇచ్చారా?" మన హాస్టల్ విద్యార్థుల ఇళ్లలో దీనికి సమాధానం తెలిసినవారు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మత్తు యంత్రం గురించి ఒక విషయం వివరించదలచాం.

ఐసోఫ్లూరేన్, సీవోఫ్లూరేన్ వంటి మత్తు మందులు ద్రవాలు. వాటిని ఆవిరిగా మార్చి, కొలత ప్రకారం అందించే పరికరమే వేపరైజర్. ఆ ఆవిరిని రోగి వరకు మోసుకుపోయే ఆక్సిజన్, గాలి, నైట్రస్ ఆక్సైడ్‌లను వాహక వాయువులు అంటారు.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఐసోఫ్లూరేన్ ఆవిరి సుమారు 32 శాతం వరకు నిండుతుంది. రోగికి కావలసింది 1 లేక 2 శాతమే. అందువల్ల వేపరైజర్‌లో వాయువు రెండుగా చీలుతుంది. డయల్‌ను 1 శాతం వద్ద పెడితే, సుమారు 44 పాళ్లు మందును తాకకుండా పక్కదారిన పోతాయి. ఒక్క పాలు మాత్రం మందు గదిలోకి వెళ్లి ఆవిరితో నిండి వస్తుంది. చివరకు రెండూ కలుస్తాయి.

డయల్‌పై అంకెలు సాధారణంగా ఆక్సిజన్‌తో కొలిచి వేసినవి. వాయువు మారితే మోతాదులో రెండు రకాల తేడాలు వస్తాయి.

మొదటిది తాత్కాలికం. గోలీసోడాలో గ్యాస్ కరిగినట్లే, నైట్రస్ ఆక్సైడ్ మత్తు ద్రవంలో కరుగుతుంది. దాన్ని కొత్తగా కలిపినప్పుడు కొంత వాయువు ద్రవంలోనే ఉండిపోతుంది. గది నుంచి బయటికొచ్చే వాయువు తగ్గి, దానితోపాటు ఆవిరీ తగ్గుతుంది. ద్రవం ఇక కరిగించుకోలేని స్థితికి చేరాక మోతాదు తిరిగి పెరుగుతుంది. నైట్రస్ ఆపి పూర్తి ఆక్సిజన్ ఇస్తే, గోలీ నొక్కిన సోడాలా కరిగిన వాయువు పైకి వస్తుంది. అప్పుడు కాసేపు మోతాదు ఎక్కువవుతుంది.

రెండవది నిలిచి ఉండే తేడా. ఆక్సిజన్ కన్నా నైట్రస్ ఆక్సైడ్‌కు స్నిగ్ధత తక్కువ, సాంద్రత ఎక్కువ. అందుచేత వాయువు చీలే నిష్పత్తి మారి, చాలా వేపరైజర్లలో మోతాదు కొద్దిగా తగ్గుతుంది.

డెస్‌ఫ్లూరేన్ సంగతి వేరు. అది దాదాపు 23 డిగ్రీలకే మరుగుతుంది కనుక, 39 డిగ్రీలకు వేడిచేసే ప్రత్యేక వేపరైజర్ వాడతారు. అందులో వాహక వాయువు మందు గదిలోకి పోదు. కాబట్టి కరగడం అనే సమస్య లేదు. కానీ స్నిగ్ధత ప్రభావం ఉంటుంది. నైట్రస్ ఎక్కువగా కలిపితే మోతాదు డయల్ చూపేదానికన్నా ఐదో వంతు వరకు తగ్గవచ్చు.

మత్తు బాగా తగ్గితే రోగికి మధ్యలో మెలకువ రావచ్చు. ఎక్కువైతే రక్తపోటు పడిపోవచ్చు. మామూలుగా ఈ తేడాలు చిన్నవే. అయినా మత్తు డాక్టరు డయల్ ఒక్కదాన్నే నమ్మరు. గ్యాస్ ఎనలైజర్‌ను, రోగి నాడిని, రక్తపోటును కూడా చూస్తూనే ఉంటారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంటర్‌లో స్నిగ్ధత, ద్రావణీయత పాఠాలను మేమూ మార్కుల కోసమే బట్టీపట్టాం. ఆ పాఠాలే నేడు థియేటర్‌లో ఒక మనిషి నిద్రకు కాపలా కాస్తున్నాయి. ఈసారి వాటిని అర్థం చేసుకుని చదవండి.