పాత ఛాయాచిత్రాలలో ‘హైదరాబాద్’ విమానాలు: గుర్తింపు విధానం

వ్యాససంగ్రహం:
పాత విమాన ఛాయాచిత్రాలపై కనిపించే ‘హైదరాబాద్’ అనే పేరు స్థలాన్నే కాక దాతను, దళాన్ని, విమాన నమూనాను కూడా సూచించవచ్చు. ఈ అర్థాలను వేరుచేసి, నిర్మాణ లక్షణాల ద్వారా విమానాన్ని గుర్తించే క్రమాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఛాయాచిత్రం, విమాన గుర్తింపు, నిజాం బహూకరణ, బేగంపేట.

1. ప్రవేశిక:
సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని ఒక ఇంటి ఆల్బంలో, ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలున్న విమానం చిత్రం, దాని కింద ‘హైదరాబాద్’ అన్న రాత ఉన్నాయనుకుందాం. అది సమీపంలోని బేగంపేటలో తీసినదని భావించడం సహజం. అయితే ఆ నిర్ణయానికి ముందు మిగిలిన అవకాశాలను పరిశీలించాలి.

2. దాత, దళం:
మొదటి ప్రపంచయుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిష్ వాయుసేన 110వ దళానికి డి.హెచ్.9ఏ బాంబర్లు సమకూరాయి. దళం పేరులో ‘హైదరాబాద్’ చేరింది. విమానాలపై నిజాం బహూకరణను తెలిపే వాక్యం రాశారు. అవి 1918లో ఫ్రాన్స్ నుండి జర్మనీపై దాడులకు వెళ్లాయి. అందువల్ల ఆ వాక్యం దాతకు సాక్ష్యమే గాని, చిత్రం తీసిన చోటుకు సాక్ష్యం కాదు.

దీనికి ముందు వచ్చిన డి.హెచ్.9 చూపుకు దాదాపు ఇలాగే ఉంటుంది. రెండింటికీ భేదం ముక్కు భాగంలో తెలుస్తుంది. డి.హెచ్.9లో ఇంజిన్ పైభాగం బయటికి కనిపిస్తుంది. రేడియేటర్ విమాన దేహం అడుగున ఉంటుంది. 400 అశ్వశక్తి గల లిబర్టీ ఇంజిన్ అమర్చిన డి.హెచ్.9ఏలో రేడియేటర్ మోటారుకారుకు ఉన్నట్లు ముందువైపునే ఉంటుంది. రెక్కల విస్తారం కూడా సుమారు 42 అడుగుల నుండి 46 అడుగులకు పెరిగింది.

బహూకరణ విమానం నష్టపోతే దాని పేరును మరొకదానికి ఇచ్చే పద్ధతి నాడు ఉండేది. కనుక ఒక నిర్దిష్ట విమానాన్ని తేల్చేది దేహంపై ఉన్న క్రమసంఖ్య మాత్రమే. ఈ దళానికి చెందిన ఎఫ్ 1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్, పోలండ్‌ల మీదుగా నేడు బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

3. నమూనా పేరు:
1923లో తొలిసారి ఎగిరిన ‘హాండ్లీ పేజ్ హైదరాబాద్’ ఒక బ్రిటిష్ బాంబరు. నగరం నుండి అది గ్రహించింది పేరు మాత్రమే. రెండు ఇంజిన్లు, భారీ దేహం దీని గుర్తులు. దీని నుండే రూపొందిన ‘హినైదీ’లో సిలిండర్లు చక్రాకారంలో అమరి ఉంటాయి, ‘హైదరాబాద్’లో అలా ఉండవు.

4. స్థలం:
రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేటలో వైమానిక శిక్షణకు వాడిన టైగర్ మాత్ కూడా రెండు జతల రెక్కల విమానమే. కాని దాని రెక్కల విస్తారం సుమారు 29 అడుగులు. ఇంధనపు తొట్టి పైరెక్క నడుమ కనిపిస్తుంది. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలకు ఉన్నది ఒకే జత రెక్కలు. భారతీయ పౌర విమానాలపై ‘వీటీ’తో మొదలయ్యే నమోదు అక్షరాలు ఉంటాయి.

5. ముగింపు:
ముందుగా ఇంజిన్, రెక్కలు. తరువాత క్రమసంఖ్య, నమోదు అక్షరాలు. ఆపై విమానంపై రాత, పరిసరాలు. చివరగా చిత్రం కింది వ్యాఖ్య. పరిశీలన ఈ క్రమంలో సాగాలి. దీనిని తలకిందులు చేస్తే, పరాయి యుద్ధానికి నిజాం ఇచ్చిన ధనం కథ బేగంపేట వైమానిక చరిత్రగా నమోదవుతుంది. రెండు చరిత్రలూ వక్రీకరణకు లోనవుతాయి.