గోడమీద ఈతగింజలు పెట్టిందెవరు?

తొలకరి రోజులలో ఒక ఉదయం మీ ఇంటి ప్రహరీగోడ మీదనో, డాబా అంచునో గుప్పెడు ఈతగింజలు కుప్పగా కనిపిస్తాయి. పైన గుజ్జు ఉండదు. గింజలు మాత్రం చెక్కుచెదరవు. పిల్లలెవరో తిని ఉమ్మారనుకుంటాం. కాని తిని ఉమ్మిన గింజలు చెల్లాచెదురుగా పడతాయి, ఇలా ఒకదానికొకటి అంటుకొని ఉండవు. విద్యార్థులారా, అది ఒక జంతువు మలం. రాత్రి మీరు నిద్రపోతుండగా మానుపిల్లి మీ గోడమీదుగా నడిచి వెళ్ళిందన్నమాట.

అమెరికా కథల పుస్తకాలలో ముఖానికి నల్లని ముసుగు వేసుకొన్నట్టుండే రకూన్ బొమ్మను మీరు చూసే ఉంటారు. అది రాత్రి తిరుగుతుంది, పండూ పురుగూ ఏదైనా తింటుంది, ఇళ్ళ అటకలలో దూరుతుంది. మన అడవులలో రకూన్ లేదు. ఇక్కడ దాదాపు అదే బతుకు బతికేది మానుపిల్లి. అయితే రెండూ దగ్గరి చుట్టాలు కావు, వాటి కుటుంబాలే వేరు. ఆ మాటకొస్తే, పేరులో ‘పిల్లి’ ఉన్నా మానుపిల్లి పిల్లి కూడా కాదు!

మా ధర్మపురి చుట్టుపక్కల గోదావరి ఒడ్డున తాటిచెట్లకు, ఈతచెట్లకు కొదువ లేదు. మానుపిల్లికి ఇంతకంటె ఏం కావాలి? చెట్టెక్కి గౌడన్న కట్టిన లొట్టిలోని కల్లు కూడా తాగిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి ‘టాడీ క్యాట్’, అంటే కల్లుపిల్లి, అని పేరు పెట్టింది అందుకే. తెల్లవారుజామున మోకు వేసుకొని చెట్టెక్కి, లొట్టి వెలితిగా ఉండడం చూసిన మనిషికి దానిమీద కోపం రావడంలో తప్పులేదు. జంతువును చూడాలనుకుంటే ముందు అతన్నే అడగండి. ఏ చెట్టుకు ఎప్పుడు వస్తుందో అతనికి తెలిసినంత నాకు తెలియదు.

ఇక అడుగుజాడలు. సాయంత్రం గోడమీద జల్లించిన బూడిద పలుచగా చల్లి ఉంచండి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే గుర్తులు బాగా తెలుస్తాయి. పిల్లి అడుగులో, కుక్క అడుగులో నాలుగు వేళ్ళే పడతాయి. మానుపిల్లికి అయిదు. ముంగిసకూ అయిదే గాని, అది పగటి జంతువు. కాబట్టి రాత్రి చల్లి తెల్లవారగానే చూడటం ముఖ్యం. ఒకే గుర్తును చూసి తీర్పు చెప్పకండి. అయిదో వేలు బూడిదలో సరిగా పడకపోవచ్చు. గింజలున్న మలం, అయిదు వేళ్ళ అడుగు, రాత్రి పైకప్పు మీద చప్పుడు మూడూ కలిస్తేనే నమ్మకంగా చెప్పవచ్చు.

చీకటి పక్షంలో పండిన నేరేడు కిందనో, మేడి కిందనో కదలకుండా కూర్చుంటే కంటబడవచ్చు. వెన్నెల బాగా ఉన్న రాత్రులలో అది తక్కువగా తిరుగుతుంది. పెద్దవారిని వెంటబెట్టుకొని వెళ్ళండి. టార్చి వేస్తే ముందు కళ్ళు మెరుస్తాయి. బూడిదరంగు ఒళ్ళు, వీపు పొడవునా నల్లని చారలు, నల్లని కాళ్ళు, కళ్ళ దగ్గర తెల్లని మచ్చలు, దాదాపు ఒంటి పొడవున్న తోక. తోకకు నలుపు, తెలుపు పట్టీలుంటే అది మానుపిల్లి కాదు, పునుగుపిల్లి. తిరుమల స్వామివారి సేవలో వాడే పునుగు తైలం ఈ రెండోదాని నుండి వచ్చేదే.

ఇదంతా ఎందుకు తెలుసుకోవాలంటారా? కొన్నేళ్ళ క్రితం మా వాడలో ఒక గూనపెంకుటింటి అటక మీద రోజూ అర్ధరాత్రి దబదబమని చప్పుడు. కొందరు దయ్యమన్నారు, కొందరు పామన్నారు. చివరకు, “పొగ వెట్టుండ్రి, అదే వోతది” అని ఒక పెద్దమ్మ తీర్మానించింది. పిడకలు కూడా సిద్ధమయ్యాయి. అంతలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె గోడమీది గింజల కుప్పను చూపించి, “సార్, పాము పండ్లు తినదు కదా!” అన్నది. నిచ్చెన వేసి చూస్తే పాత గోనెసంచుల మీద మూడు పిల్లలు, ఇంకా నడక కూడా సరిగా రానివి. పొగ పెట్టి ఉంటే తల్లి పారిపోయేది, అవి అక్కడే చచ్చేవి. ఇంటివారు ఓపికపట్టారు. కొన్ని వారాలకు తల్లి వాటిని తీసుకొని వెళ్ళిపోయింది. ఆ తరువాత పెంకుల సందు మూయించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని చంపడం, పట్టి పెంచడం నేరమని కూడా ఆ రోజే చాలామందికి తెలిసింది.

మానుపిల్లిని గాని దాని పిల్లలను గాని చేతితో తాకవద్దు. కరిస్తే గాయాన్ని సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ టీకా అవసరం కావచ్చు.

ఆ గింజలను పారేయకండి. వాటినీ చేతితో ముట్టకుండా పుల్లతో ఒక డబ్బాలోకి నెట్టి, ఒక కుండీలో పది గింజలు నాటండి. మీరు తిన్న ఈతపండ్ల గింజలు పది మరో కుండీలో నాటండి. పని కాగానే చేతులు కడుక్కోండి. రెండింటికీ ఒకే మట్టి, ఒకే నీరు, ఒకే ఎండ. ఈత మొలకెత్తడానికి చాలా వారాలు పడుతుంది, తొందరపడి తవ్వి చూడకండి. ఏ కుండీలో ఏ తేదీన ఎన్ని మొలిచాయో నోటుబుక్కులో రాసుకొని మీ సైన్సు మాస్టారికి చూపించండి.