సుంకం లేని బొమ్మ

2009 జనవరిలో గాజాలో యుద్ధం నడుస్తోంది. బయటి విలేకరులను ఇజ్రాయెల్ లోపలికి రానివ్వడం లేదు. లోపలే ఉండి ఇంగ్లిష్‌లో వార్తలు చెబుతున్న అతి కొద్ది అంతర్జాతీయ ఛానెళ్లలో ఖతర్ రాజధాని దోహాకు చెందిన అల్ జజీరా ఒకటి. ఆ దృశ్యాలు దాని దగ్గరే ఉన్నాయి కాబట్టి ఎంత ధరకైనా అమ్ముకోవచ్చు. కానీ జనవరి 13న అల్ జజీరా వాటిని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద బయట పెట్టేసింది. మా పేరు చెప్పండి చాలు, పోటీ ఛానెల్ అయినా సరే, వాడుకోండి, కోసుకోండి, మళ్లీ ప్రసారం చేసుకోండి అంది.

హక్కుల తలుపు తెరుచుకుంది గానీ, ఆ వీడియోలు వికీపీడియా వ్యాసంలోకి ఎక్కాలంటే ఇంకో గడప ఉంది. వికీపీడియాకు బొమ్మలు, వీడియోలు అందించే వికీమీడియా కామన్స్, పేటెంట్ రుసుములతో ముడిపడిన ఫార్మాట్లను చేర్చుకోదు. అప్పట్లో దానికి సమ్మతమైన వీడియో ఫార్మాట్ థియోరా. దృశ్యం ఉచితమే, దాన్ని కుదించిన పద్ధతికే సుంకం ఉంది. ఆ సుంకాన్ని తప్పించడానికి కొందరు ప్రోగ్రామర్లు ఇరవై ఏళ్లకు పైగా చేసిన పనే నేను చెప్పబోయేది.

ముందు, కుదించకపోతే ఏమవుతుందో చూద్దాం. 2022 డిసెంబర్ 18న ఖతర్‌లోని లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా, ఫ్రాన్స్ ప్రపంచకప్ ఫైనల్ ఆడాయి. ఆ ఆటను కెమెరా చూసింది చూసినట్టు హెచ్‌డీలో పంపాలంటే ఒక్కో ఫ్రేములో 20,73,600 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు, సెకనుకు 50 ఫ్రేములు. అన్నీ గుణిస్తే సెకనుకు దాదాపు 249 కోట్ల బిట్లు. మన ఇంట్లో అదే ఆట 60 లక్షల బిట్లతో చక్కగా కనబడుతుంది. నాలుగు వందల పాళ్లలో ఒక్క పాలే మనదాకా వచ్చింది, మిగతాదంతా వీడియోను కుదించే ప్రోగ్రామ్, అంటే ఎన్‌కోడర్, దారిలోనే వదిలేసింది. ఏది వదిలినా కన్ను పట్టుకోదో తెలుసుకోవడమే దాని విద్య.

మొదట అది కదలికను చూస్తుంది. కెమెరా కుడికి తిరిగితే పచ్చిక, గీతలు, గ్యాలరీ అన్నీ కలిసే జరుగుతాయి. అందుకని కొత్త ఫ్రేమును మొత్తం రాయకుండా, పాత ఫ్రేములోని ఫలానా ముక్కను ఇన్ని పిక్సెళ్లు పక్కకు జరపమని మాత్రం రాస్తుంది. బంతి, తన్నే కాలు, పైకి లేచిన చేయి ఆ అంచనాకు లొంగవు. అంచనాకూ అసలుకూ ఉన్న ఆ తేడాను విడిగా పంపాలి. కప్పు ఎత్తినప్పుడు గాల్లోకి ఎగిరే రంగు కాగితాలు ఎన్‌కోడర్‌కు నిజమైన పరీక్ష. ఏ ముక్కా పాత ఫ్రేములోని ఏ ముక్కతోనూ కలవదు. అందుకే మ్యాచ్ అంతా తేటగా ఉన్న బొమ్మ సరిగ్గా అక్కడ మసకబారుతుంది.

రెండో మెట్టులో మనవాళ్ల చేయి ఉంది. మిగిలిన తేడాను గళ్లుగా కోస్తారు. పాత పద్ధతుల్లో అది 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు ఉన్న గడి. అందులోని 64 అంకెలను 64 రకాల అలల మొత్తంగా తిరగరాస్తారు. సహజమైన బొమ్మల్లో బరువంతా నెమ్మదిగా మారే కొద్దిపాటి అలల్లోనే పోగవుతుంది. చకచకా మారే సన్న అలలు తగ్గినా కన్ను అంతగా పట్టించుకోదు, వాటిని చాలావరకు సున్నా చేసేయొచ్చు. దీని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచనతో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా కనిపించిందట. ఆయన ఆగలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో నాలుగు పేజీల వ్యాసం ప్రచురించారు. ఆ రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో 1966 నుంచి దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, 2021 జనవరిలో కన్నుమూశారు. జేపెగ్ ఫొటోలు, హెచ్.264, థియోరా, ఇవాళ్టి ఏవీ1 అన్నీ ఆ నాలుగు పేజీల మీద నిలబడినవే. రావు పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక ఎన్‌కోడర్ రాసేవాళ్ల సంగతి. వీడియో ప్రమాణం అనేది కుదించిన దాన్ని ఎలా విప్పాలో మాత్రమే శాసిస్తుంది. ఎలా కుదించాలో రాసేవాడి నేర్పు. ఒకే ప్రమాణం, అన్నే బిట్లు, అయినా ఒక ఎన్‌కోడర్ మనిషి ముఖాన్ని నున్నగా చెరిపేస్తుంది, ఇంకోటి గడ్డపు వెంట్రుకలు కూడా నిలబెడుతుంది. 2003లో హెచ్.264 ప్రమాణం వచ్చాక దానికి లోరాన్ ఎమార్ మొదలుపెట్టిన ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌ను లోరెన్ మెరిట్, జేసన్ గారెట్-గ్లేజర్ వంటివాళ్లు ఏళ్ల తరబడి చెక్కారు. డబ్బు పెట్టి కొనే ఎన్‌కోడర్లు చాలావరకు దాని ముందు వెలవెలబోయాయి. సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. కానీ హెచ్.264లోని ఉపాయాల మీద పేటెంట్లు ఎక్స్264 రాసినవాళ్లవి కావు. కోడ్ ఉచితంగా దొరికినా, దాన్ని పెట్టి ఫోనో బ్రౌజరో అమ్మే సంస్థ ఆ పేటెంట్లవాళ్లకు రుసుము కట్టాల్సిందే.

థియోరా పుట్టుక వేరు. 1992లో న్యూయార్క్‌లో డక్ కార్పొరేషన్ అని ఒక చిన్న కంపెనీ మొదలైంది. తర్వాత దాని పేరు ఆన్2 అయింది. అది తయారుచేసిన వీపీ3 అనే కోడెక్‌ను (వీడియోను కుదించి, విప్పే పద్ధతిని) 2001లో సోర్స్ కోడ్‌తో సహా లోకానికి ఇచ్చేసింది, దాని మీద తనకున్న పేటెంట్ హక్కులను ఎవరి మీదా వాడనని మాట కూడా ఇచ్చింది. జిఫ్ సంస్థలోని ప్రోగ్రామర్లు దాన్ని తీసుకుని థియోరాగా మలిచారు. పని నత్తనడకన సాగి 1.0 వెర్షన్ 2008 నవంబర్‌కు గాని రాలేదు. అల్ జజీరా గాజా దృశ్యాలు బయటికి రావడానికి రెండు నెలల ముందన్నమాట. నాణ్యతలో థియోరా హెచ్.264కు సరితూగలేదు. ఆ మాట దాని అభిమానులూ ఒప్పుకున్నారు. అయినా ఎవరినీ అడగకుండా, ఎవరికీ కట్టకుండా వాడుకోగలిగిన వీడియో అది. 2009 జూన్ చివర వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3.5 దాన్ని ఏ ప్లగిన్ అవసరం లేకుండా నేరుగా చూపించింది.

2010 ఫిబ్రవరిలో గూగుల్ ఆన్2ను 12 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొని, మే నెలలో దాని కొత్త కోడెక్ వీపీ8ను లిబ్‌వీపీఎక్స్ అనే లైబ్రరీగా విడుదల చేసింది. అప్పుడు దాన్ని అందరికన్నా కటువుగా విమర్శించింది ఎక్స్264 గారెట్-గ్లేజరే. ప్రమాణ పత్రం అంటూ ఇచ్చిన దాంట్లో చాలాచోట్ల సీ భాషలోని కోడ్‌ను తెచ్చి అతికించారని ఎత్తిచూపాడు. అంతటితో వదిలేసి ఉంటే నేను అతని పేరు మళ్లీ తెచ్చేవాణ్ణి కాదు. కొద్ది వారాల్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోని మిత్రులతో కూర్చుని, గూగుల్ ఇచ్చినదానికంటే వేగంగా వీపీ8ను విప్పే డీకోడర్ రాసిచ్చాడు. ఓపెన్ సోర్స్ లోకంలో నాకు నచ్చే గుణం ఇదే.

మరుసటి ఏడాది గూగుల్ వెబ్‌ఆర్‌టీసీని కూడా ఓపెన్ సోర్స్ చేసింది. బ్రౌజర్‌లోనో యాప్‌లోనో ఇద్దరు ముఖాముఖి మాట్లాడుకోవడానికి కావలసిన సామగ్రి అంతా అందులో ఉంది. దాని ప్రమాణం 2016లో వీపీ8, హెచ్.264 రెండూ తప్పనిసరి అంది. అంతకుముందే, 2013లో, సిస్కో సంస్థ ఓపెన్‌హెచ్264 అనే కోడెక్‌ను ఇస్తూ, తాను పంచే ప్రతులకు పేటెంట్ రుసుము తానే కడతానంది.

ఈ ఉచిత సామగ్రి ఖతర్‌లోని మనవాళ్లకు ఎలా అందిందో చూడండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు దోహా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో శుక్రవారం సెలవు పూట ఇంటికి వీడియో కాల్ చేస్తారు. ఆ కాల్‌లో పనిచేసే ఎన్‌కోడర్‌కు ఫుట్‌బాల్ మ్యాచ్ ఎన్‌కోడర్‌కు ఉన్న సౌకర్యం ఉండదు. మ్యాచ్‌ను కొన్ని సెకన్లు ఆలస్యంగా పంపినా పర్వాలేదు, కాబట్టి రాబోయే ఫ్రేములను తొంగిచూసి తీరిగ్గా లెక్కలు వేసుకోవచ్చు. కాల్‌లో సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లే గడువు, అదీ చవక ఫోన్‌లో. ఒకే వైఫైని గదిలో అందరూ పంచుకుంటుంటే దారిలో ప్యాకెట్లు జారిపోతాయి. ఒక ఫ్రేము పోతే దాని మీద ఆధారపడ్డ తర్వాతి ఫ్రేములన్నీ చెడతాయి. అందుకే కొన్ని ఫ్రేములను వేరే ఏ ఫ్రేమూ వాటి మీద ఆధారపడని విధంగా మధ్యమధ్య పేరుస్తారు, అవి పోయినా నష్టం లేదు. మరీ చెడితే అవతలి ఫోన్ పూర్తి ఫ్రేము ఒకటి పంపమని అడుగుతుంది. ‘బాపూ, నువ్వు కనిపిస్తలేవు’ అని అక్కడ పిల్ల అనేలోపే ఎన్‌కోడర్ బొమ్మ సైజు తగ్గించి, మాట తెగకుండా చూసుకుంటుంది. ఈ కోడ్ వాడినందుకు నిమిషానికి ఇంతని ఎవరైనా వసూలు చేసి ఉంటే, ఆ ఖర్చు చివరికి ఆ క్యాంపు గదిలోనే తేలేది.

ఇంతలో కొత్త ప్రమాణం హెచ్.265 దగ్గర వ్యవహారం ముదిరింది. 2013లో వచ్చిన ఆ ప్రమాణానికి ఎక్స్265 అనే మంచి ఓపెన్ సోర్స్ ఎన్‌కోడర్ ఉంది, దాన్ని రాసిన మల్టీకోర్‌వేర్ సంస్థ బృందం చెన్నైలోనూ పనిచేసింది. కానీ పేటెంట్ల వసూలుకు ఒకటి కాదు, రెండు కూటములు బయల్దేరాయి. దాంతో 2015 సెప్టెంబర్‌లో గూగుల్, మొజిల్లా, సిస్కో, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ ఒక్కటై, ఎవరి దగ్గరున్న ప్రయోగాలను వాళ్లు తెచ్చి కలిపాయి. 2018 మార్చిలో ఏవీ1 వచ్చింది. అది వీపీ8 వారసుడే, థియోరా మనుషులు కూడా అందులో పనిచేశారు. దాని మొదటి ఎన్‌కోడర్ లిబ్‌ఏఓఎం తొలినాళ్లలో భరించలేనంత నిదానం. తర్వాత ఇంటెల్, నెట్‌ఫ్లిక్స్ కలిసి ఎస్‌వీటీ-ఏవీ1 అనే వేగమైన ఎన్‌కోడర్ రాశాయి. విప్పే వైపు వీడియోలాన్ బృందం డేవిడ్ అనే డీకోడర్‌ను చాలా భాగం అసెంబ్లీ భాషలో చేత్తో రాసింది. ఏవీ1 చిప్ లేని పాత ఫోన్‌లో కూడా వీడియో ఆడేది ఆ శ్రమ వల్లే. 2019లో సిస్వెల్ అనే సంస్థ ఏవీ1 మీద కూడా పేటెంట్ రుసుములు అడగబోతున్నానని ప్రకటించింది. ఆ తగువు అలా ఉంది.

ఈ కథలో భయపెట్టే భాగం కూడా దోహాలోనే తగులుతుంది. 2020 జులై, ఆగస్టుల్లో అల్ జజీరా విలేకరులు, నిర్మాతలు, అధికారుల 36 ఫోన్లలోకి పెగాసస్ గూఢచారి సాఫ్ట్‌వేర్ చొరబడిందని టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ బయటపెట్టింది. ఎవరూ ఏ లింకూ నొక్కలేదు. ఆపిల్ ఐమెసేజ్‌లోంచే వచ్చింది. మరుసటి ఏడాది అదే దారిన వచ్చిన ఇంకో దాడిని విప్పి చూస్తే, లోపం బొమ్మను విప్పే కోడ్‌లో ఉంది. స్కానర్లు, ఫ్యాక్స్‌ల కాలం నాటి జేబిగ్2 ఫార్మాట్‌ను చదివే పాత ఓపెన్ సోర్స్ కోడ్ అది, ఎక్స్‌పీడీఎఫ్ అనే పీడీఎఫ్ రీడర్ నుంచి ఆపిల్ ఫోన్లలోకి చేరింది. దాడి చేసినవాళ్లు 70 వేలకు పైగా ఆదేశాలతో ఆ డీకోడర్ లోపల ఒక చిన్న కంప్యూటర్‌నే కట్టారు. 2023 సెప్టెంబర్‌లో వీపీ8 సంతానమైన వెబ్‌పీ ఫొటోల లైబ్రరీ లిబ్‌వెబ్‌పీలో అలాంటి లోపమే దొరికితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎన్నో చాటింగ్ యాప్‌లు ఒకేసారి ప్రమాదంలో పడ్డాయి. అందరూ వాడే కోడ్ కాబట్టి అందరికీ ముప్పు.

కోడ్ తెరిచి ఉండటం వల్లే మరమ్మతు రోజుల్లో జరిగింది. చిక్కంతా అది ఫోన్‌కు చేరడంలో ఉంది. బ్రౌజర్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి. తయారీదారు వదిలేసిన నాలుగేళ్ల ఫోన్ లోపలి లైబ్రరీ మాత్రం పాతదే, ఇంటికి కాల్ చేసేది ఎక్కువగా అలాంటి ఫోన్లతోనే. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి కొత్త మోడళ్లకు, అమ్మకానికి విడుదల ఆగిపోయాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని తయారీదారులకు నియమం పెట్టింది. జగిత్యాలలో కొన్న ఫోన్‌కూ, దోహాలో కొన్న ఫోన్‌కూ అదే నియమం కావాలని మనం అడగాలి.