కారుకు ముక్కుకన్నా తోకే ముఖ్యం!

ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి గాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. వంగి తొక్కితే కాస్త సులువు. నిటారుగా కూర్చుంటే పిక్కలు పట్టేస్తాయి. కారుకూ ఇదే బాధ. కాకపోతే ఇక్కడ ఖర్చయ్యేది పెట్రోలు.

గతుకుల రోడ్డుపై నెమ్మదిగా పోయే కారుకు గాలితో పెద్దగా పేచీ లేదు. హైవే ఎక్కి గంటకు 80 కిలోమీటర్లు దాటిందంటే మాత్రం లెక్క మారుతుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. అంటే 50 కి.మీ. వేగంలో ఉన్న అడ్డు 100 కి.మీ. వేగంలో నాలుగింతలు. ఆ గాలిని నెట్టుకుపోవటానికి ఇంజను ఎనిమిది రెట్ల శక్తి పెట్టాలి.

వెనక్కి లాగే సుడిగాలి

కారు ముక్కు సూదిగా ఉంటే చాలు, గాలిని కోసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు వెనక ఉంది. మట్టిరోడ్డుపై పోయే బస్సును చూడండి. ముందు అద్దంకన్నా వెనక అద్దానికే దుమ్ము బాగా పడుతుంది. బస్సు వెనక భాగం గోడలా ఉంటుంది కనుక, పక్కలనుంచి వచ్చిన గాలి అక్కడ సాఫీగా కలుసుకోలేదు. సుడులు తిరుగుతుంది. ఆ చోట గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. దుమ్మును పైకి లాగేది ఆ సుడే. బస్సును వెనక్కి పట్టి లాగేది ఆ తగ్గిన ఒత్తిడే.

చేపకు ఈ బాధ లేదు. తలవైపు గుండ్రంగా, తోకవైపు సన్నగా ఉంటుంది. తల దగ్గర విడిపోయిన నీరు తోక దగ్గర మెల్లగా కలిసిపోతుంది.

జనం మెచ్చని కార్లు

ఈ కిటుకును విమానాలు తయారుచేసిన ఎడ్మండ్ రుంప్లర్ ముందే పట్టుకున్నాడు. 1921లో నీటిబొట్టు ఆకారంలో కారు చేసి బెర్లిన్ ప్రదర్శనలో పెట్టాడు. వింతగా చూసినవారే గాని కొన్నవారు తక్కువ. 1979లో ఆ కారును వోక్స్‌వాగన్ కంపెనీ గాలి సొరంగంలో పెట్టి పరీక్షించింది. గాలి అడ్డును కొలిచే అంకె 0.28 వచ్చింది. ఈ అంకె ఎంత చిన్నదైతే అంత మేలు.

అమెరికాలో క్రిస్లర్ ఇంజనీర్లకు మరో విచిత్రం ఎదురైంది. ఆనాటి కార్లను వెనక్కి నడిపితేనే గాలి అడ్డు తక్కువని పరీక్షల్లో తేలింది! దాంతో 1934లో నున్నటి వంపులతో 'ఎయిర్‌ఫ్లో' కారు తెచ్చారు. ఆ రూపం జనానికి నచ్చలేదు. 1937తో తయారీ ఆగిపోయింది.

చేపతోకంత పొడవు కారుకు పెడితే నిలపటానికి చోటుండదు. 1930లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు వునిబాల్డ్ కామ్ దీనికి దారి చూపాడు. వెనక భాగాన్ని కొంతమేర సన్నబరచి, అక్కడ తెగ్గోసినా చాలావరకు లాభం దక్కుతుందని తేల్చాడు. నేటి ఎన్నో కార్ల వెనక భాగం అందుకే అలా కోసినట్టు ఉంటుంది.

1973లో చమురు ధరలు మండిపోయాకే కంపెనీలు గాలిని గట్టిగా పట్టించుకున్నాయి. 1982లో వచ్చిన ఆడి 100 కారు అంకె 0.30. 2021లో వచ్చిన మెర్సిడెస్ బ్యాటరీ కారుది 0.20. బ్యాటరీ కారుకు గాలి అడ్డు తగ్గితే ఒక్క చార్జింగుతో మరింత దూరం పోవచ్చు.

మన చేతిలో ఉన్నది

కారు ఆకారం మనం మార్చలేం. పాడుచేయకుండా మాత్రం ఉండగలం. టాపు మీద క్యారియర్ బిగిస్తే, అది ఖాళీగా ఉన్నా గాలి అడ్డు పెరుగుతుంది. సామాను డిక్కీలో పట్టినంతవరకు టాపు మీదికి ఎక్కించకండి. హైవేపై జోరుగా పోయేటప్పుడు అద్దాలు పూర్తిగా దించకండి. 100లో పోయే కారును 80కి తగ్గిస్తే గాలి అడ్డు మూడోవంతుకు పైగా తగ్గుతుంది.

పెళ్లి ప్రయాణానికి బిగించిన క్యారియర్ ఏడాది పొడవునా టాపు మీదే ఉండిపోయిన కార్లు ఎన్నో. వాటి యజమానులు ఈ ఆదివారం స్పానరు పట్టుకుంటే మేలు.