పరీక్షలన్నీ బాగున్నా తీరని మలబద్ధకం

థైరాయిడ్ సరిగ్గానే ఉంది, షుగర్ లేదు, కొలనోస్కోపీలోనూ ఏమీ కనబడలేదు. అయినా నెలల తరబడి విరేచనం సాఫీగా కాదు. ఇలాంటివారిని ‘నీళ్లు బాగా తాగండి’ అని చెప్పి పంపేస్తే సరిపోదు. జబ్బు దొరకలేదంటే బాధ లేదని కాదు. చాలాసార్లు లోపం పేగు పనితీరులో ఉంటుంది.

రోజూ విరేచనం కావాలన్న నియమమేమీ లేదు. రోజుకు 3 సార్ల నుంచి వారానికి 3 సార్ల వరకూ మామూలే. అంతకంటే తగ్గినా, తరచూ ముక్కాల్సి వస్తున్నా, ఉండలుగా గట్టిగా వస్తున్నా, ఇంకా మిగిలిపోయినట్టు అనిపిస్తున్నా, అలా నెలలు గడుస్తుంటే దాన్ని దీర్ఘకాలిక మలబద్ధకం అనుకోవాలి.

కొందరిలో పెద్దపేగు కదలికలే మందగిస్తాయి. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు ఉంటే పేగు అంత నీటిని పీల్చేసుకుంటుంది, మలం గట్టిపడుతుంది. ఇంకొందరిలో కదలిక బాగానే ఉంటుంది, చిక్కంతా చివర్లోనే. మలద్వారం దగ్గర పేగును వెనకనుంచి చుట్టి ముందుకు లాగి పట్టుకునే కండరం ఒకటుంది. ముక్కినప్పుడు అది వదులవ్వాలి. వీరిలో బిగుసుకుంటుంది. గడియ తీయకుండా తలుపు నెట్టినట్టే! వీరికి పీచు పెంచినంత మాత్రాన ఫలితం ఉండకపోవచ్చు. ఆ కండరాన్ని వదులు చేయడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ మేలు చేస్తుంది.

మిగతావారు ముందు తిండితో మొదలుపెట్టవచ్చు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు, చిక్కుడు, జామకాయ లాంటివి వారాల మీద మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. ఇసబ్‌గోల్ పొట్టును గ్లాసుడు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగేయాలి. నీళ్లు చాలకపోతే గొంతులో, పేగులో అడ్డుపడే ప్రమాదముంది. తిన్నాక పెద్దపేగు చురుగ్గా కదులుతుంది కాబట్టి టిఫిన్ అయ్యాక మరుగుదొడ్డికి వెళ్లడం మంచిది. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే మలం దిగే దారి నిటారుగా అవుతుంది. వీటితో తగ్గకపోతే పేగులో నీటిని నిలిపి ఉంచే పాలీఇథిలీన్ గ్లైకాల్, లాక్టులోజ్ లాంటి మందులున్నాయి. వాటిని డాక్టరు సలహాతో వాడాలి.

ఐరన్, కాల్షియం మాత్రలు, కొన్ని నొప్పి మందులు కూడా మలబద్ధకం తెస్తాయి. అందుకే వాడే మందులన్నీ డాక్టరుకు చూపించాలి. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా, 50 దాటాక కొత్తగా మొదలైనా ఆలస్యం చేయకూడదు.

సిగ్గుపడి సగమే చెబితే వైద్యమూ సగమే అందుతుంది. ఎంత ముక్కాల్సి వస్తోందో, వేలితో తీసుకోవాల్సి వస్తోందా అన్నదీ దాచకుండా చెప్పండి. లోపం పేగు కదలికలో ఉందో, చివరి కండరంలో ఉందో పట్టుకోవడానికి డాక్టరుకు ఆ మాటలే దారి చూపిస్తాయి.